పని జరిగే చోటును చూసి సాఫ్ట్‌వేర్‌కు ‘హెల్ప్’ రాయడం ఎలా?

మొదటిసారి నేను ఒక సహకార సంఘం సాఫ్ట్‌వేర్‌కు సహాయ పుస్తకం రాసినప్పుడు అది అరవై నాలుగు పేజీలు వచ్చింది. ప్రతి తెరకు బొమ్మ పెట్టాను, ప్రతి బటన్‌కు వివరణ రాశాను, చివర అకారాది సూచిక కూడా చేర్చాను. ఎఫ్1 మీట నొక్కితే అదే సమాచారం తెర మీద తెరుచుకునేలా సాఫ్ట్‌వేర్ లోపల కూడా పెట్టించాం. యాసంగి ధాన్యం కొనుగోళ్లు మొదలైన రెండో వారంలో మిర్యాలగూడ వైపు ఒక సంఘం కార్యాలయానికి వెళ్లి, పుస్తకం ఏ మేరకు అక్కరకు వస్తోందని అడిగితే, ఆపరేటర్ కొంత మొహమాటంగా బీరువా వైపు చూపించాడు. పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కింది కాబట్టి, పోతే ఎవరి మీదికి వస్తుందోనని లోపల పెట్టి తాళం వేశారు. తాళంచెవి కార్యదర్శి గారి దగ్గర ఉంది. కార్యదర్శి గారు బ్యాంకు పని మీద నల్లగొండ వెళ్లారు.

అతని మానిటర్ అంచుకు మాత్రం నాలుగు చీటీలు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద ‘ఐఎఫ్‌ఎస్‌సీల ఐదోది సున్నా, ఓ కాదు’ అని, రెండోదాని మీద ‘గుంటలు 39 దాటొద్దు’ అని, మూడోదాని మీద ‘ప్రింట్ రాకుంటే మళ్ల సేవ్ కొట్టొద్దు, రెండు ఎంట్రీలు పడ్తయ్’ అని రాసి ఉంది. నాలుగోదాని మీద ఒక ఫోన్ నంబరు, దాని కింద ‘ఏడు దాటితే ఎత్తడు’ అనే మాట. నా అరవై నాలుగు పేజీలలో ఆ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

కొనుగోలు కేంద్రాలకు, రైస్ మిల్లులకు, మార్కెట్ యార్డులకు, సంఘాల కార్యాలయాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారిలో, వారి తరఫున సహాయ సమాచారం రాసేవారిలో చాలామంది నేను చేసిన పొరపాటే చేస్తారు. తెరలను వరుసగా చదివి, తెరల వరుసలోనే సహాయం రాస్తారు. ఆ తెర ముందు కూర్చునే మనిషికి ఏ అధికారం ఉంది, ఆమె వెనుక ఎంతమంది నిలబడ్డారు, తప్పు జరిగితే మాట ఎవరు పడాలి, చీకటి పడ్డాక ఎవరిని అడగాలి అన్న సంగతులే ఆమె సహాయం తెరుస్తుందా లేదా అన్నది తేలుస్తాయి. ఆ సంగతులను ఎలా తెలుసుకోవాలో, తెలుసుకున్నాక సహాయాన్ని ఎలా మలచాలో ఈ దిగువన చెబుతాను.

ముందు ఒక రోజు అక్కడ కూర్చోవాలి

కేంద్రం తెరిచినప్పటి నుంచి రాత్రి లెక్క ముగిసేదాకా ఒక పూర్తి రోజు అక్కడ ఉండండి. సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం ఏమీ అడగకండి; అడిగితే ‘మంచిగనే ఉన్నది సార్’ అన్న జవాబు వస్తుంది, దానితో మీకు ఒరిగేదేమీ లేదు. ఒక నోటు పుస్తకంలో ఎవరు కూర్చున్నారు, ఎవరి పేరుతో లాగిన్ అయ్యారు, వెలుతురు ఎటు నుంచి పడుతోంది, నెట్ ఎప్పుడెప్పుడు పోతోంది, పని ఆగినప్పుడు మొదట ఎవరి ముఖం చూస్తున్నారు, ఎవరికి ఫోన్ చేస్తున్నారు అన్నవి రాసుకోండి. చివరి రెండూ చాలా ముఖ్యం. ఆ చోట ఇప్పటికే నడుస్తున్న సహాయ వ్యవస్థ అదే. మీరు రాయబోయేది దాని పక్కన చోటు వెతుక్కోవాలి.

నేను అలా కూర్చున్న మొదటి రోజే నా అంచనా ఒకటి తప్పిపోయింది. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు కాంటా పడగానే ఎంట్రీ పడుతుందని అనుకున్నారు, నేనూ అలాగే రాశాను. అక్కడ జరిగే క్రమం వేరు. పొద్దున రాశుల దగ్గర తేమ చూస్తారు. తేమ 17 శాతం మించితే మళ్లీ ఆరబెట్టమంటారు. ఎండ ఎక్కాక కాంటాలు మొదలవుతాయి, బస్తాకు 40 కిలోల లెక్కన హమాలీలు తూకం వేస్తుంటే ఒకరు పొడుగు నోటుబుక్కులో గీతలు గీస్తూ పోతారు. మధ్యలో లారీ వస్తే అందరూ లారీ వైపే పోతారు, ఎందుకంటే వచ్చిన లారీని నిలబెడితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. కంప్యూటర్‌లోకి ఎక్కించడం రాత్రి ఏడు తర్వాత, ట్యూబులైటు కింద, నోటుబుక్కు చూసి ఒక్క ఊపున జరుగుతుంది.

కాబట్టి కొత్త ఎంట్రీ ఎలా చేయాలో వారికి చెప్పనక్కరలేదు, రోజుకు ముప్పై చేస్తారు. వారికి కావలసినవి రాత్రి పుట్టే ప్రశ్నలకు జవాబులు: నిన్నటి తేదీతో ఎలా ఎక్కించాలి, ఒకే రైతుకు రెండుసార్లు పడితే దేనిని తీసేయాలి, లారీ వెళ్లిపోయాక నోటుబుక్కుకూ, లారీ వెంట పోయే బస్తాల లెక్క కాగితమైన ట్రక్ షీట్‌కూ రెండు బస్తాల తేడా వస్తే దేనిని సరిచేయాలి. ఇవన్నీ నా పుస్తకంలో ‘ఇతర అంశాలు’ అన్న చివరి అధ్యాయంలో, ఒక్కొక్కటి రెండు వాక్యాలుగా ఉన్నాయి. మీరు రాసేటప్పుడు ఈ క్రమాన్ని తిరగేయండి. సరిదిద్దడం ముందు, కొత్తగా ఎక్కించడం తరువాత ఉండాలి.

యంత్రానికి కనిపించనిది ఎంతో ఉంటుంది

ఈ విషయాన్ని 1980లలోనే ఒక మానవశాస్త్రజ్ఞురాలు పట్టుకున్నారు. అమెరికాలో జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో లూసీ సుచ్‌మన్, వాడేవారికి అడుగడుగునా తానే సూచనలిచ్చే ఒక ఫొటోకాపీ యంత్రం దగ్గర ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, వారు మాట్లాడుకుంటూ పని చేస్తుండగా వీడియో తీసి పరిశీలించారు. 1987లో ఆ పరిశీలన ప్రచురితమైంది. యంత్రానికి తెలిసేది ఏ మీట నొక్కారు, ఏ మూత తెరిచారు అన్నంతవరకే. మనుషుల సందేహం, వారి మాటలు, ఆగి ఆలోచించడం దానికి అందవు. అందువల్ల మనిషి ఒకటి అనుకుని చేసిన పని యంత్రం లెక్కలో మరొక మెట్టుకు సరిపోతే, అంతా సవ్యంగా సాగుతోందనుకుని అది తరువాతి సూచన ఇచ్చేస్తుంది. మూడో చీటీ గుర్తు చేసుకోండి. ప్రింట్ రాలేదని ఆపరేటర్ మళ్లీ సేవ్ నొక్కితే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది రెండో ఎంట్రీ మాత్రమే, ‘విజయవంతంగా నమోదైంది’ అని పచ్చగా చూపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో కాగితాల క్లిప్పు రూపంలో కళ్లు తిప్పుతూ వచ్చి, అడగకుండానే సలహాలిచ్చిన సహాయకుడు చాలామందికి గుర్తుండే ఉంటాడు. మీరేదో ఉత్తరం రాస్తున్నట్లున్నారే అని పలకరించే ఆ బొమ్మను 2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీలో మామూలుగా కనపడకుండా ఆపేశారు, 2007 రూపంలో పూర్తిగా తీసేశారు. ఏం టైప్ చేస్తున్నారో దానికి తెలిసేది, ఎందుకు చేస్తున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు అడిగితే జవాబిచ్చే చాట్ సహాయకులను ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ పెడుతున్నారు. అవి మాటలు ఎంతో బాగా చెబుతాయి, కానీ లారీ బయట హారన్ కొడుతోందన్న సంగతి మీరు చెబితే తప్ప వాటికీ తెలియదు. యంత్రం ఊహించలేని చోట సహాయం రాసేవారు ముందే ఊహించి పెట్టాలి.

ఎకరాలు, గుంటలు: ఒక ఉదాహరణ దగ్గరి నుంచి

రెండో చీటీ మీద నేను ఒక వారం పని చేశాను. మన తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. రెండెకరాల ఇరవై గుంటలను పట్టాదారు పాసుపుస్తకంలోనూ, నోటి లెక్కలోనూ 2.20 అని రాసుకోవడం వాడుక. ఆ చుక్క ఎకరాలను, గుంటలను వేరు చేసే గుర్తు మాత్రమే. కానీ హైదరాబాద్‌లో కూర్చుని తెర తయారుచేసిన కుర్రవాడికి అది దశాంశ బిందువు. డిగ్రీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆపరేటర్లలోనూ కొందరికి రెండున్నర ఎకరాలు అనగానే చేయి 2.50 వైపు పోతుంది.

2.50 అని కొడితే సాఫ్ట్‌వేర్ ఎర్రగా ‘చెల్లని విలువ’ అని ఆపేసేది, గుంటలు 39 మించకూడదు కాబట్టి. ఏది చెల్లలేదో, ఎందుకు చెల్లలేదో చెప్పేది కాదు. ఆపరేటర్ పేరు మార్చి చూసేవాడు, ఆధార్ నంబరు మళ్లీ కొట్టి చూసేవాడు, చివరకు ఫోన్ ఎత్తేవాడు. దానికి బదులు ‘గుంటలు 0 నుంచి 39 వరకే ఉండాలి. రెండున్నర ఎకరాలైతే 2.20 అని రాయండి’ అన్న రెండు వాక్యాలు అక్కడే కనిపించేలా మార్చాం, ఆ ఫోన్లు ఆగిపోయాయి. హెచ్చరిక రాసేటప్పుడు ఈ కొలత పాటించండి: ఏ గడిలో తప్పు ఉంది, ఎంతవరకు ఒప్పు, ఆ చోట రోజూ ఎదురయ్యే లెక్కతో ఒక ఉదాహరణ. అంతకు మించి అక్కరలేదు.

అసలు ప్రమాదం మాత్రం 2.5 అని కొట్టినప్పుడు వచ్చేది. దానిని సాఫ్ట్‌వేర్ ఆపలేదు, రెండెకరాల ఐదు గుంటలుగా తీసుకుని ముందుకు పోయింది. రైతు లెక్కలో వంద గుంటలు, సాఫ్ట్‌వేర్ లెక్కలో ఎనభై ఐదు. విస్తీర్ణాన్ని బట్టి ఎంత ధాన్యం తీసుకోవాలో లెక్కకట్టే చోట ఆ పదిహేను గుంటల పంట కాంటాకు ఎక్కకుండా పోతుంది, రైతు వచ్చి అడిగినప్పుడు మాట పడేది ఆపరేటర్. దీని గురించి ఎంత చక్కని వివరణ రాసినా లాభం లేదు, ఎందుకంటే తప్పు జరిగినట్లే తెలియని మనిషి సహాయం తెరవడు. ఇలాంటి చోట రాయడం మానేసి తయారీదారుల దగ్గరికి వెళ్లాలి. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి విడిగా పెట్టించాక ఆ పేజీనే తీసేశాను. సహాయం రాసేవాడికి పేజీ తీసేయడమంత తృప్తి మరొకటి లేదని నా అభిప్రాయం, జీతం పేజీల లెక్కన ఇవ్వనంతవరకు.

మొదటి చీటీ కథ కూడా ఇలాంటిదే. బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో పదకొండు గుర్తులుంటాయి: మొదటి నాలుగు బ్యాంకును తెలిపే అక్షరాలు, చివరి ఆరు శాఖను తెలిపేవి, మధ్యలో ఐదో స్థానంలో ఎప్పుడూ సున్నాయే. రైతు తెచ్చిన పాసుబుక్కు జిరాక్సు మసకగా ఉంటే ఆ సున్నా ఇంగ్లీషు ఓ లాగా కనిపిస్తుంది. ఐదో గుర్తు సున్నా కాకపోతే ఒప్పుకోవద్దని సాఫ్ట్‌వేర్‌కే చెప్పేస్తే చీటీ ఊడిపోతుంది.

ఎవరి లాగిన్, ఎవరి చేయి

చాలా సాఫ్ట్‌వేర్లలో ఎక్కడ పని ఆగినా ‘మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి’ అని వస్తుంది. ఊరి సంఘంలో ఆ పేరుతో ఎవరూ ఉండరు. కార్యదర్శి ఉంటారు, చైర్మన్ ఉంటారు, క్లర్కు, అటెండర్ ఉంటారు, కాంట్రాక్టు మీద వచ్చిన ఆపరేటర్ ఉంటాడు. కాగితం మీద లాగిన్ కార్యదర్శి గారిది, చేయి ఆపరేటర్‌ది. ఇలా పాస్‌వర్డ్ చేతులు మారడం నిబంధనలకు విరుద్ధమేనని అందరికీ తెలుసు, అయినా ఒక మనిషి మూడు చోట్ల సంతకాలు పెట్టవలసినప్పుడు అది జరుగుతూనే ఉంటుంది. నిబంధనను మాత్రమే నమ్మి ‘కార్యదర్శి చేయవలసిన పనులు’, ‘ఆపరేటర్ చేయవలసిన పనులు’ అని రెండు విడి పుస్తకాలు రాస్తే, ఒకటి ఎవరూ తెరవరు, రెండోది సగమే పనికివస్తుంది.

నేను పాటించే పద్ధతి ఇది. ప్రతి పనికి మొదటి వాక్యంలోనే ఎవరి అనుమతి కావాలో, ఆ మనిషి ఎదురుగా ఉండాలా లేక ఫోన్‌కు ఓటీపీ వస్తే చాలా అన్నది చెప్పేస్తాను: ‘ఈ ఎంట్రీ రద్దు చేయడానికి కార్యదర్శి గారి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది; వారు అందుబాటులో లేకపోతే ఈ పని రేపటికి పెట్టుకోండి, అప్పటివరకు డబ్బు జమ ఆగుతుంది తప్ప పోదు.’ చివరి ముక్క చాలా అవసరం. రాత్రి తొమ్మిదింటికి పని ఆగిన మనిషికి ముందు కావలసింది, ఇప్పుడు వదిలేస్తే ఏమవుతుందో తెలియడం. రైతు డబ్బుకు ఢోకా లేదని తెలిస్తే ఇంటికి పోయి నిద్రపోతాడు. తెలియకపోతే అర్ధరాత్రి దాకా బటన్లు నొక్కుతాడు.

దీనికి తోడు ప్రతి చోటా ఒక ‘తెలిసిన మనిషి’ ఉంటారు. పై మెట్టు అధికారి కానక్కరలేదు. ఒక మిల్లు ఆఫీసులో ధర్మకాంట దగ్గర చీటీలు రాసే ఆయనే అందరికంటే బాగా సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషని నాకు మూడో రోజున గాని అర్థం కాలేదు. జిరాక్స్ సంస్థలోనే జూలియన్ ఓర్ అనే మరో పరిశోధకుడు, యంత్రాలు బాగుచేసేవారితో తిరిగి, మాన్యువల్‌లో లేని మొండి తప్పులను వారు భోజనాల దగ్గర ఒకరికొకరు కథలుగా చెప్పుకుని నేర్చుకుంటారని గమనించాడు. మన దగ్గర టీ కొట్టు ఆ పని చేస్తుంది. తెలిసిన మనిషిని పక్కకు నెట్టేలా సహాయం రాయకండి. ఆయనే మొదట చదివేలా, ఆయన చేతిలో పెట్టేలా రాయండి. కాంట్రాక్టు ముగిసి అలాంటి ఆపరేటర్ వెళ్లిపోయే రోజు రాకముందే ఆయన చెప్పే కథలను రాసి పెట్టుకోండి. ఆయనతో పాటే వెళ్లిపోయే సమాచారం విలువ, వెళ్లిన మరుసటి వారం అందరికీ తెలుస్తుంది.

ఏ మాట వాడాలి

శుద్ధమైన తెలుగు మీద నాకు ప్రీతి ఉంది, కానీ ‘సమర్పించుము’ అని రాసిన చోట ఎవరూ సమర్పించలేదు. వారు ‘సబ్మిట్ కొడతారు’. తెర మీద బటన్ పేరు ఎలా ఉందో అలాగే రాయండి, దాని చుట్టూ ఉండే వాక్యాన్ని మంచి తెలుగులో రాయండి. అంతకంటే చిక్కు పని, పనివారి మాటకూ సాఫ్ట్‌వేర్ మాటకూ వంతెన వేయడం. సాఫ్ట్‌వేర్ ‘నికర బరువు’ అంటుంది, కేంద్రంలో ‘కాంటా’ అంటారు. సాఫ్ట్‌వేర్ ‘మినహాయింపు’ అంటుంది, రైతు ‘తరుగు’ అంటాడు, కోపం వస్తే ‘కటింగ్’ అంటాడు. ‘వ్యర్థ పదార్థం’ అన్నది ఇక్కడ ‘తాలు’. సహాయంలో వెతికే గడి ఉంటే ఈ మాటలన్నింటికీ జవాబు దొరకాలి. చాలామంది ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొడతారు కాబట్టి, ఆ రూపంలో రెండు మూడు విధాలుగా కూడా సూచికలో చేర్చండి. డీటీపీ వారు పాత అను ఫాంట్లలో టైప్ చేసి ఇచ్చిన సమాచారాన్ని అలాగే అతికిస్తే కంటికి తెలుగే కనిపిస్తుంది గాని వెతికితే ఒక్క మాటా దొరకదు. ముందు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

పేర్లు కూడా కార్యాలయాల చరిత్రను మోస్తాయి. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరైంది. మక్తల్ రైతు పాత కాగితాల మీద జిల్లా మహబూబ్‌నగర్, సాఫ్ట్‌వేర్ జాబితాలో నారాయణపేట. అచ్చంపేట నాగర్‌కర్నూల్‌లో, హుజూర్‌నగర్ సూర్యాపేటలో, చౌటుప్పల్ యాదాద్రి భువనగిరిలో వెతకాలి. ఆ సంగతి తెలిసిన పాత ఉద్యోగికి ఇది సమస్యే కాదు, వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవారికి గంట పని. అలాగే భూమి రికార్డుల కోసం 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చినా, నోటికి ‘ధరణి’ అన్న మాటే వస్తుంది. కొత్త పేరు ఒక్కటే పెట్టి పాత పేరును చెరిపేస్తే వెతికేవారికి దారి మూసేసినట్లే.

తెర, గోడ, ఫోన్

సహాయం ఏ రూపంలో ఉండాలన్నది రుచికి సంబంధించిన విషయం కాదు, దానిని చోటే చెబుతుంది. ఎండలో టార్పాలిన్ నీడన ట్యాబ్ పట్టుకుని నిలబడినవారికి బూడిద రంగు చిన్న అక్షరాలు కనిపించవు. రైస్ మిల్లులో మోత మధ్య మాటలతో నడిచే వీడియో వినిపించదు. మాటలు లేకుండా, తెర మీద అక్షరాలతో రెండు నిమిషాల వీడియో అయితే పనికివస్తుంది. ఊరి చివర కేంద్రంలో సిగ్నల్ పోతుంది కాబట్టి నెట్ ఉంటేనే తెరుచుకునే సహాయం, నెట్ పోయినప్పుడు ఏం చేయాలో చెప్పలేదు. వినడానికి నవ్వొచ్చే మాట గాని, సరిగ్గా ఆ సూచననే నెట్‌లో పెట్టినవారిని నేను చూశాను.

ఎరువుల అమ్మకం దగ్గర గోడ కాగితానికి మించింది లేదు. 2018 నుంచి సబ్సిడీ ఎరువులు దేశమంతటా, అమ్మకాన్ని అక్కడికక్కడే నమోదుచేసే ఈ-పాస్ యంత్రాల ద్వారానే అమ్ముతున్నారు, కొనేవారి గుర్తింపుకు ఎక్కువగా ఆధార్ వేలిముద్రే తీసుకుంటారు. జీవితమంతా మట్టిలో పనిచేసిన పెద్దమనిషి వేలి గీతలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోదు. వరుసలో ముప్పై మంది ఉండగా అమ్మేవారు ఏ సహాయమూ తెరవరు. అమ్మేవారికీ కొనేవారికీ ఇద్దరికీ కనిపించేలా గోడ మీద పెద్ద అక్షరాలతో ‘వేలు తుడిచి మళ్లీ పెట్టండి, కాకపోతే వేరే వేలు పెట్టండి’ అని ఉంటే, వెనుక నిలబడినవారే ముందువారికి చదివి చెబుతారు. సహాయాన్ని వరుసలోని మనుషులు కూడా వాడతారన్న సంగతి కార్యాలయంలో కూర్చుని రాసేవారికి తట్టదు.

వాట్సాప్ గ్రూపును తేలికగా తీసుకోకండి, చాలాచోట్ల అసలు సహాయ వ్యవస్థ అదే. రాత్రి పదింటికి ప్రశ్న పెడితే పదిన్నరలోపు పక్క మండలం ఆపరేటర్ జవాబు పెడతాడు. రాసే ముందు అలాంటి గ్రూపులో గత సీజన్ సందేశాలన్నీ అనుమతి తీసుకుని చదవండి. ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ వచ్చిందో, దేనికి జవాబు రాకుండా పోయిందో విడదీస్తే మీ విషయసూచిక దానంతటదే తయారవుతుంది. దాని లోపం కూడా గమనించండి. నిరుటి జవాబు ఈ ఏడాది తప్పు కావచ్చు, ఎవరూ దానిని చెరిపేయరు. పైగా తెర ఫొటోలలో రైతుల ఆధార్, ఖాతా నంబర్లు వందల ఫోన్లలోకి పోతాయి. హెచ్చరికలన్నింటికీ చిన్న సంఖ్యలు ఇస్తే ఫొటో పెట్టవలసిన అవసరం తప్పుతుంది, ‘14 వస్తున్నది అన్నా’ అంటే చాలు.

ఇద్దరిని కూర్చోబెట్టి పరీక్షించడం

సుచ్‌మన్ పద్ధతిని మనం ఖర్చు లేకుండా వాడుకోవచ్చు. ఒక్కరినే కూర్చోబెట్టి ‘మనసులో మాట పైకి చెబుతూ పని చేయండి’ అంటే మనవారు సిగ్గుపడి మౌనంగా ఉండిపోతారు. ఇద్దరు కలిసి కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి. నాగర్‌కర్నూల్ దగ్గర మహిళా సంఘం నడిపే ఒక కేంద్రంలో ఇద్దరు సభ్యులకు ఒకే ట్యాబ్ ఇచ్చి, తప్పు పడిన ఎంట్రీని సరిచేయమని చెప్పి నేను వెనుక కూర్చున్నాను.

‘అక్కా, గుంటలు కొట్టిన, ముందుకు పోతలేదు.’

‘ఏమన్న రాసిందా చూడు.’

‘ఏం రాయలే. ఉత్తగ ఆగింది.’

నేను ఎంతో శ్రమపడి రాసిన రెండు వాక్యాల హెచ్చరిక ఆ గడి కిందనే ఉంది. కానీ గడిని తాకగానే ట్యాబ్‌లో పైకి లేచిన కీబోర్డు దానిని పూర్తిగా కప్పేసింది. కార్యాలయంలో కంప్యూటర్ మీద పరీక్షించినప్పుడు అది మాకు కనిపించే అవకాశమే లేదు. మరునాడే హెచ్చరికను గడి పైకి మార్పించాం. ఇలాంటి పరీక్షలో మీరు పాటించవలసిన నియమం ఒక్కటే, నోరు మెదపకూడదు. చేయి వెళ్లి చూపించాలని ఎంత దురద పుట్టినా చేతులు కట్టుకుని కూర్చోవాలి. వారు మీ వైపు తిరిగి ‘గిప్పుడేం చెయ్యాలె సార్?’ అన్న క్షణం ఏ తెర మీద వచ్చిందో రాసుకోండి, మరుసటి రోజు పని అక్కడి నుంచి మొదలవుతుంది.

పరీక్షకు మహా తెలివైనవారిని ఎంపిక చేసి ఇస్తామని కార్యాలయం వారు అంటారు, మర్యాదగా వద్దనండి. కొత్తగా చేరినవారు ఒకరు, పాతవారు ఒకరు అయితే మంచిది. పాతవారు చెప్పే మాటలో మీకు కావలసిన వాక్యాలు తయారుగా దొరుకుతాయి.

సీజన్‌కు ముందు చేయవలసిన పని

సహాయానికి యజమాని ఎవరో తేల్చకపోతే రెండేళ్లలో అది అబద్ధాల పుట్ట అవుతుంది. సాఫ్ట్‌వేర్ సంస్థ రాసి ఇచ్చి వెళ్లిపోతుంది, కార్యాలయం తమది కాదంటుంది. అందుకని ఒప్పందంలోనే ఏడాదికి రెండుసార్లు, వానకాలం కొనుగోళ్లకు ముందు ఒకసారి, యాసంగికి ముందు ఒకసారి, సహాయాన్ని సరిచూడాలని రాయించండి. మద్దతు ధర ఏటా మారుతుంది, కొత్త గడులు వస్తాయి. ధరలు, తేదీలు, ఫోన్ నంబర్లు వంటి మారే సంగతులన్నీ ఒకే పుటలో పెట్టుకుంటే ఆ ఒక్క పుట మారిస్తే సరిపోతుంది. ప్రతి గోడ కాగితం కింద కుడి మూలన నెల, సంవత్సరం వేయండి. ఫోన్ నంబరు ఇస్తే ఏ వేళ నుంచి ఏ వేళ వరకు ఎత్తుతారో రాయండి, ఏడు దాటితే ఎత్తకపోతే ఆ మాట కూడా రాయండి.

కొత్త కాగితాలు అంటించే రోజున పాతవాటిని మీ చేత్తోనే తీయండి. చించి పారేసే ముందు వెనుకా ముందూ చూడండి: నేను పోయినసారి తీసిన ఒక కాగితం అంచున, అచ్చు అక్షరాల పక్కన, బాల్ పెన్నుతో ‘గిది తప్పు, ముందు సేవ్ కొట్టి తర్వాత తేదీ మార్చు’ అని రాసి ఉంది. కొత్త కాగితంలో నేనూ పాత క్రమాన్నే అచ్చు వేయించి తెచ్చాను. ఆ కట్టను సంచిలో పెట్టుకుని తిరిగి నల్లగొండ బస్సెక్కాను, సరిచేసినవి నాలుగు రోజుల తరువాత అంటించాను.